జిల్లేడు మీది చిమ్మట

షిల్లాంగ్,
14 జూన్ 2024.

యేసన్న మామకు సుష్మ వందనాలు.

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "అపొస్తలుడు సంఘాలను ఉత్తరాలతో కట్టినాడు, ఫోన్లతో కాదు, రాయి పాపా" అని పెట్టేస్తావు. సరే, రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకో. తెలుగులో పెద్ద ఉత్తరం రాసి ఎన్నాళ్లయిందో నాకే గుర్తు లేదు.

నేనిక్కడ ఏం చేస్తున్నానని అమ్మ నిన్ను అడిగిందట. "పురుగులకు పేర్లు పెడుతుంది, ఆదాము చేసిన పనే" అన్నావట. అంతకంటే బాగా నేనూ చెప్పలేను. ఇప్పుడు ఆ పనిలో నీ సాయం కావాలి.

చిమ్మటలంటే దీపం చుట్టూ తిరిగే బూడిదరంగు పురుగులే అనుకుంటాం కదా. కొన్ని పగలే ఎగురుతాయి. రెక్కలు చూస్తే అచ్చం సీతాకోకచిలుకలు. అదే రంగు, అవే చుక్కలు, ఎగరడంలో అదే నిదానం. ఎండ ఎక్కువగా ఉండే దేశాల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. వాటిలో ఒక ప్రజాతిని సరిగ్గా వర్గీకరించే పని నాది. ప్రజాతి అంటే ఇంటిపేరు అనుకో. వెనకటి పండితులు రెక్కల రంగు చూసి వీటిని వేరువేరు ఇళ్లకు పంచేశారు. ఒకచోట మగదాన్నీ ఆడదాన్నీ కూడా విడదీశారు, రెండూ రెండు రకాల సీతాకోకచిలుకల వేషం వేసుకున్నాయని! నేను వేషం పక్కనపెట్టి లోపలి భాగాలు చూసి, ఎవరు ఏ ఇంటివాళ్లో తేలుస్తున్నాను.

అన్నీ తేలాయి, ఒక్కటి తప్ప. అది మన సీమది. మా మ్యూజియంలో బాగా పాత నమూనా ఒకటి ఉంది, కింద చీటీ మీద అనంతపురం అని ఉంది. కానీ దాని పొట్టను వేరే పురుగులు తినేశాయి. లోపల చూడటానికి ఏమీ మిగల్లేదు. కొత్తది ఒక్కటి దొరికితే చాలు. నా పని చూసే మా పెద్దాయన డిసెంబరు దాకా ఆగుతానన్నారు. ఆలోగా దొరక్కపోతే దాన్ని పాత ఇంట్లోనే వదిలేసి అచ్చుకు పంపాలి. అది దాని ఇల్లు కాదని నా మనసుకు తెలుసు. తెలిసీ వదిలేయాలంటే నిద్ర పట్టడం లేదు.

మంచి వాన పడ్డాక జిల్లేడు చెట్ల దగ్గర నారింజ రంగు సీతాకోకచిలుకలు తిరుగుతాయి చూడు, నల్ల అంచు, తెల్ల చుక్కలు. మన చిమ్మట వాటి వేషమే వేసుకుని వాటి మధ్యే తిరుగుతుంది. గుర్తు ఒక్కటే. మీసాలు చూడాలి. సీతాకోకచిలుక మీసం కొన మీద అగ్గిపుల్ల తలలాంటి చిన్న ముద్ద ఉంటుంది. చిమ్మట మీసానికి ఉండదు, దారంలా సాగిపోతుంది. భూతద్దం పెట్టి చూడు. దొరికితే కాగితాన్ని మూడు మూలల పొట్లంగా మడిచి, రెక్కలు మూసి అందులో పెట్టు. పొట్లం మీద చోటు, తేదీ, పట్టినవాళ్ల పేరు రాయాలి. ఆ మూడూ లేని పురుగు ఎంత అందమైనదైనా మాకు పనికిరాదు.

ఇక్కడ వాన ఆగడం లేదు. బట్టలు ఆరక బూజు పడుతున్నాయి.

నీ మేనకోడలు,
సుష్మ

*

బుక్కరాయసముద్రం,
9 జూలై 2024.

వారమంతా కాలిన బోరు మోటార్లకు రాగితీగ చుడుతూ, ఆదివారం రేకుల షెడ్డులో కూడినవాళ్లకు వాక్యం చెప్పే యేసన్న, కొండల మీద వానలో నానుతున్న తన చెల్లెలి కూతురు సుష్మకు రాయునది. నీకు కృపయు, మాకు ఒక పదునుకు సరిపడా వానయు కలుగును గాక.

పాపా, నీ పురుగు ఊరికే రాలేదు. దేవుడు పంపితే వచ్చింది. ఎట్లనో చెబుతాను, విను.

మన సంఘంలో పద్ధతి నీకు తెలుసు. నేను నోరు తెరిచే ముందు, వరసలో కూర్చున్నవాళ్లు తలా ఒక వచనం పైకి చదవాలి. ఏ అధ్యాయమో ముందు వారమే చెబుతాను. మేకల ముత్యాలప్ప ఎప్పుడూ తలుపు పక్కన, అదే చోట కూర్చుంటాడు. తన వంతు రాగానే వేలు పెట్టి గడగడ చదివేవాడు. ఆ గొంతు నీకు తెలుసు కదా, గుట్ట మీద మేకల్ని పిలిచే గొంతు. గోరంట్ల ప్రార్థన కూటాలలో ఎన్నిసార్లు చెప్పినానో! "మా దగ్గర మేకలు కాసే మనిషి అరవై దాటినాక అక్షరాలు నేర్చి వాక్యం చదువుతాడు, మీకేం రోగం?" అని. జనం తల దించుకునేవాళ్లు.

పోయిన ఆదివారం ఎస్తేరు ఆలస్యంగా వచ్చి, అతనికి ముందు వరసలో ఇరుక్కొని కూర్చుంది. దాంతో అతని వంతు ఒకటి వెనక్కి జరిగింది. ఎస్తేరు చదివిన వచనమే ముత్యాలప్ప మళ్లా చదివినాడు. నేను పోయి చూస్తే అతని వేలు కీర్తనల మీద ఉంది, నోరు మాత్రం సువార్త చెబుతోంది.

"ముత్యాలప్పా, నీకు చదువొస్తాదా, రాదా?" అంటి.

"రాదన్నా."

"మరి ఇన్నాళ్లూ?"

"శనివారం చెన్నమ్మ చదివి చెప్తాది. మేకల ఎంబడి పోతా నోటికి పట్టుకుంటా."

షెడ్డు వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నా ఒళ్లు మండింది. అప్పుడు నా జేబులో నీ ఉత్తరం ఉంది! తయారు చేసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టేసినాను. గొర్రెతోలు కప్పుకున్న తోడేళ్ల నుంచి మొదలుపెట్టి, వెలుగుదూత వేషం వేసే సాతాను దాకా పోయి, చివరికి నీ చిమ్మట దగ్గరికి వచ్చినాను. "పగలు తిరుగుతాది! రెక్కలు చూస్తే పరలోకపు పక్షి! మీసం చూస్తే చిమ్మట! ఈ షెడ్డులో ఎన్ని చిమ్మటలున్నాయో మీసాలు తడుముకొని చూసుకోండి!" అన్నాను. గంటన్నర మాట్లాడినాను. గొంతు పోయింది. అంత బలమైన ప్రసంగం ఈ మధ్య రాలేదని, ఎవరినీ ఊరికే మెచ్చుకోని రైతు నరసింహప్ప కూడా అన్నాడు.

ముత్యాలప్ప మధ్యలోనే పుస్తకం కళ్లకద్దుకొని, బల్ల మీద పెట్టి వెళ్లిపోయినాడు. వెనకే అతని పెండ్లాం చెన్నమ్మ కూడా. సత్యం వేడిగా ఉంటుంది పాపా, అందరూ తాగలేరు.

వాన ఇంకా లేదు. పడగానే నీ పురుగుల వేటకు పోతాను.

నీ మామ,
యేసన్న

*

షిల్లాంగ్,
28 జూలై 2024.

మామా,

నా ఉత్తరం నీ జేబులో ఉందని చదవగానే నాకు భయం వేసింది. నేను రాసిన మాటలతో నువ్వు ఒక మనిషిని కొట్టావు. అందులో నాకూ భాగం ఉంది, అందుకే రాస్తున్నాను. కోపగించుకోకు.

చిమ్మట తోడేలు కాదు మామా. తోడేలు తోలు కప్పుకునేది తినడానికి. చిమ్మట రంగు వేసుకునేది తనను ఎవరూ తినకుండా ఉండటానికి. ఆ నారింజ సీతాకోకచిలుక చిన్నప్పుడు పురుగుగా జిల్లేడు ఆకు తిని పెరుగుతుంది, ఒళ్లంతా చేదు. ఒకసారి నోట పెట్టుకున్న పక్షి కక్కుకుని, ఇక ఆ రంగు జోలికి పోదు. చిమ్మటకు ఉన్న రక్షణ ఆ రంగొక్కటే. అది ఎవరి మీదా పడదు, ఎవరినీ కరవదు. ఆ చేదు గుంపు మధ్య తనూ ఒకటిగా కనిపిస్తే సాయంత్రం దాకా బతుకుతుంది. అంతే.

ముత్యాలప్ప తాత ఎవరు తింటారని భయపడ్డాడు మామా? నాకు అదొక్కటే అర్థం కావడం లేదు.

చిన్నప్పుడు నేను జిల్లేడు మొగ్గలు చిట్లిస్తూ పాలు కంట్లో పడేసుకున్నాను, గుర్తుందా? అమ్మ ఏడుస్తూ కూర్చుంటే, ఆయనే మేక పాలు పిండి నా కన్ను కడిగాడు. కడుగుతూ ఏదో పాట పాడాడు. అందులో మాటలన్నీ తప్పులే, ఇప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది.

వాక్యం నీకు నేను చెప్పకూడదు. కానీ యాకోబు కూడా చేతులకు మేకపిల్ల తోలు చుట్టుకుని తండ్రి ముందు నిలబడ్డాడు కదా. ఆ దీవెనను దేవుడు వెనక్కి తీసుకోలేదు.

నాకు ఆదివారాలు కూడా అడవిలోనే గడుస్తున్నాయి. చర్చి ముఖం చూసి చాలా రోజులైంది. ఒకోసారి రాళ్ల మీద కూర్చుని ఈ పురుగుల్ని చూస్తుంటే అదే చాలనిపిస్తుంది.

పొట్లం మీద పేరు రాయడం మర్చిపోకు.

సుష్మ

*

బుక్కరాయసముద్రం,
20 సెప్టెంబరు 2024.

యేసన్న, తనకు వాక్యం నేర్పడానికి పూనుకున్న మేనకోడలికి రాయునది.

నీ ఉత్తరం చదివి చాలా రోజులు పక్కన పెట్టినాను. కోపంలో రాయకూడదని. కోపం తగ్గలేదు, అయినా రాస్తున్నాను.

యాకోబు సంగతి నువ్వు నాకు చెబుతావా? ఆ ఒక్క మోసానికి అతను ఇల్లు వదిలి పారిపోయినాడు. మామ చేతిలో తానూ మోసపోయినాడు. రాత్రంతా దేవదూతతో పెనుగులాడి తుంటి జారి, బతికినంతకాలం కుంటుతూ నడిచినాడు. ఆ సగం నువ్వు వదిలేసినావు. చర్చి మానినవాళ్లు వాక్యాన్ని అట్లనే సగం సగం చదువుతారు. రాళ్ల మీద కూర్చుంటే చాలంట! మీ అమ్మ జయంతికి చెప్పలేదు, చెబితే అన్నం మానుకుంటుంది. నీ కోసం ప్రార్థన చేయిస్తున్నాను. పేరు చెప్పలేదు, "దూరాన ఉన్న ఒక బిడ్డ" అన్నాను. ఎస్తేరు వెంటనే "మన సుష్మకేమైంది?" అని అడిగింది.

ముత్యాలప్ప మళ్లా రాలేదు. నాకేమి? మేకల్ని ఇంతకు ముందు నా షాపు ముందు నుంచే తోలుకుపోయేవాడు, ఇప్పుడు చెరువుకట్ట మీదుగా చుట్టు తిరిగి పోతున్నాడు. వీధిలో పిల్లలు అతన్ని "చిమ్మటప్పా, చిమ్మటప్పా" అని పిలుస్తున్నారంట. ఆ మాట నేను వాళ్లకు నేర్పలేదు. ఒకడిని పట్టుకొని చెవి మెలేసినాను. "నువ్వే చెప్పినావు కదన్నా షెడ్డులో" అన్నాడు.

ఆదివారం తలుపు పక్కన ఆ చోటు ఖాళీగా ఉంటుంది. అక్కడ ఎవరూ కూర్చోరు, ఎందుకో. వచనాలు చదివేవాళ్లు ఉన్నారు. కానీ అంత గట్టిగా ఎవరూ చదవరు. ఇది ఊరికే రాస్తున్నాను.

వాన పడింది. కట్ట కింద జిల్లేళ్లన్నీ పూసినాయి, వాటి మీద నీ నారింజ రెక్కలు ఒకటే తిరగడం. తువ్వాలు పట్టుకొని నేనే పోయినాను. భూతద్దం తీసుకుపోలేదు. ముప్ఫై ఏండ్లుగా జనంలో నిలబడి వాక్యం చెబుతున్నవాడిని, వేషధారిని కనిపెట్టడానికి నాకు అద్దం కావాలా? మంచి రంగుతో మెరిసేవాటిని వదిలేసినాను. రంగు వెలిసి, అంచులు చినిగి, ఆకుల చాటున నక్కి కూర్చున్నవి ఉన్నాయే, వాటిని పట్టినాను. వేషం ఎన్నాళ్లు నిలుస్తాది? ఎండకూ వానకూ బయటపడింది.

పొట్లాలకు తెల్ల కాగితం లేకుంటే మన కరపత్రాలు మడిచినాను. "నీవు ఎక్కడికి పోవుచున్నావు?" అనేది. పోస్టాఫీసులో లింగప్ప అడిగినాడు, "ఏముండాదన్నా ఇందులో?" అని. "వేషధారులు" అంటి. "అబ్బో, షిల్లాంగులో కరువొచ్చినాదా? ఈడ కావాల్సినంతమంది ఉండారే, అందర్నీ పంపు, స్టాంపులు నేనిస్తా" అన్నాడు.

అందగానే రాయి. చర్చికి పో.

యేసన్న

*

షిల్లాంగ్,
4 అక్టోబరు 2024.

మామా,

పొట్లాలు అందాయి. నా పక్క బల్ల అమ్మాయి ఒకటి తీసి, పైన అచ్చేసింది ఏమిటని అడిగింది. అర్థం చెప్పాను. లోపల కదలకుండా ఉన్న దాన్ని చూసి "పాపం, షిల్లాంగ్‌కే" అంది. అందరం నవ్వుకున్నాం.

తర్వాత నవ్వు పోయింది. ఎలా రాయాలో తెలియక ఈ కాగితం రెండుసార్లు చింపేశాను.

మామా, నువ్వు పంపినవి అన్నీ సీతాకోకచిలుకలే. ఒక్క చిమ్మట కూడా లేదు. ప్రతిదాని మీసం కొన మీదా ముద్ద ఉంది. అవి వెలిసిపోయింది వేషం బయటపడి కాదు. ముసలివి అయిపోయి. రెక్కల మీది రంగు సన్నటి పొడి, ఎగిరే కొద్దీ రాలిపోతుంది. పక్షులు ముక్కుతో లాగినప్పుడు అంచులు చినుగుతాయి. ఎక్కువ ఎండ చూసినవి, ఎక్కువసార్లు బతికి బయటపడినవి అలా ఉంటాయి. నువ్వు వాటిని ఏరి పట్టావు. మెరుస్తున్నవాటిని వదిలేశావు. మన చిమ్మట ఉంటే వాటిలోనే ఉండి ఉంటుంది.

ఇంకో మాట. నేను చర్చి మానలేదు. ఇక్కడ వీధికొక చర్చి ఉంది. మా శిబిరం మాత్రం అడవిలో ఉంది, వానలకు దారి కూలిపోయి కిందికి దిగలేకపోయాను. చాలా రోజులైందని రాశాను, నువ్వు మానేశానని చదువుకున్నావు. ఎందుకు పోలేదని ఒక్క మాట అడగలేదు. నా కోసం ప్రార్థన పెట్టించావు. దానికి కోపం లేదు, కానీ బాధేసింది.

నీ షాపుకు ఎవరైనా మోటారు తెచ్చి "కాలిపోయిందన్నా" అంటే నువ్వు నమ్మవు. మూత విప్పుతావు. తీగ వాసన చూస్తావు. దీపం పెట్టి ఒక్కొక్క చుట్టునూ చూశాకే మాట్లాడతావు. పైన పెయింటు చూసి చెప్పే మెకానిక్కుల్ని ఎంత తిట్టేవాడివో నేను నీ షాపులో బెంచీ మీద కూర్చుని విన్నాను. ఈ పని నేను నేర్చుకున్నది అక్కడే మామా. ఏ కాలేజీలోనూ కాదు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి నువ్వు మూత ఎందుకు విప్పవు?

వానలు ఉండగానే ఇంకోసారి చూడగలవా? నవంబరు దాటితే అవి ఉండవు.

సుష్మ

*

బుక్కరాయసముద్రం,
18 నవంబరు 2024.

సుష్మకు మామ రాయునది.

ఈసారి పెద్ద పలకరింపు రాయబుద్ధి కాలేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నరసింహప్ప మోటారు ఒకటి విప్పి ఉంది. సగం చుట్టి వదిలేసినాను. చేలో గురుగులు పీకేస్తామని దాసులు అడిగితే, వద్దు, వాటితో పాటు గోధుమలు కూడా పెరుక్కొస్తారు అని యజమాని అన్నాడే, ఆ వాక్యం మీద నేను ఎన్ని ఊళ్లలో మాట్లాడినానో! మన చెనిక్కాయ చేనులో కలుపుతో పోల్చి చెప్పేవాడిని. జనం తలలూపేవాళ్లు. నీ పొట్లాల్లో నేను మడిచి పెట్టింది గోధుమలనే కదా పాపా.

రెండు దినాలు ఊరికే ఉండి, మూడోనాడు ముత్యాలప్ప ఇంటికి పోయినాను. చెన్నమ్మ వాకిట్లో రాగులు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపలేదు.

"ఏమయ్యోవ్, బయటికి రా, తీర్పులు చెప్పే ఆయప్ప వచ్చినాడు" అనింది లోపలికి.

అతను వచ్చినాడు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"ఏమన్నా, మళ్లా యాదన్నా పురుగు దొరికినాదా?"

"దొరకలేదు. అందుకే వస్తి."

"అది ఎట్లుంటాదో నాకొకసారి సూపిచ్చన్నా. ఊర్లో పిల్లోల్లంతా నన్ను దాని పేరుతోనే పిలుస్తాండారు. నేను దాని మొగం సూడొద్దా?"

"నేను గూడా సూల్లేదు ముత్యాలప్పా."

"సూడకుండానే అంతసేపు తిడితివా!" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే ఆశ్చర్యపోయినాడు. చెన్నమ్మ చేట అప్పుడు ఆగింది.

నేను అడగవలసింది అప్పుడు అడిగినాను. ఎందుకు చెప్పలేదు, అని.

"మొదటి దినం చెప్తామనే వస్తి. నువ్వు పుస్తకం చేతికిచ్చి చదవమంటివి. ముందు రాత్రి చెన్నమ్మ చదివింది నోట్లో ఉండె, అది చెప్తి. నువ్వు ఎగిరి గంతేస్తివి. ఆ పై వారానికే గోరంట్లలో నా పేరు చెప్పి గొప్పలు పోతివంట. ఇంగ రాదని యాడ చెప్పేదన్నా? నా పరువు పోతే పోనీ. నీ పరువు ఏం కావాల?"

నువ్వు అడిగినావు కదా పాపా, ఎవరు తింటారని భయపడినాడు అని. జవాబు దొరికింది. ఇంతకంటే వివరంగా రాయలేను.

నేను అక్కడే చెన్నమ్మ ముందర "తప్పు చేసినాను" అన్నాను. ఆ మాట మైకులో చెప్పడం నాకు బాగా వచ్చు, ఒక వాకిట్లో ఒక మనిషికి చెప్పడం రాదని తెలిసింది. "మజ్జిగ తాగు" అనింది చెన్నమ్మ.

మరుసటి దినం ఇద్దరం కట్ట కిందికి పోయినాము. నా చేతిలో భూతద్దం, అతని భుజాన తువ్వాలు. పట్టడం, మీసం చూడడం, వదలడం. ఇద్దరిలో ఎవరికీ అది ఎట్లుంటాదో తెలియదు. ముద్ద ఉంది, వదులు. ముద్ద ఉంది, వదులు. మేకలు మమ్మల్ని చూసి ఏమనుకున్నాయో. పొద్దు నడినెత్తికి వచ్చినాక, నేను విసిగి గట్టు మీద కూర్చుంటే, ఒకటి అతని తువ్వాలు మీదికే వచ్చి వాలింది. కొత్త పెండ్లికూతురు మాదిరి మెరుస్తోంది. నేనైతే వదిలేసేవాడిని. అతను వేళ్ల మధ్య పట్టి నా ముందు పెట్టినాడు. అద్దం పెట్టి చూస్తే మీసం దారం మాదిరి సాగిపోయింది. కొన మీద ఏమీ లేదు.

అద్దం అతనికిచ్చినాను. చాలాసేపు చూసినాడు.

"పాపం, ఎంత బాగా కుట్టుకున్నాదన్నా గుడ్డలు" అన్నాడు.

నేను ఈ పురుగు మీద గంటన్నర మాట్లాడినాను. ఆ ఒక్క మాట నాకు తట్టలేదు.

ఇంక ఉత్తరం ఎందుకు ఆలస్యమైందంటే, పొట్లం. ఈసారి తెల్ల కాగితమే. చోటు, తేదీ నేను రాసినాను. పట్టినవాళ్ల పేరు దగ్గరికి వచ్చి పెన్ను అతని చేతిలో పెట్టినాను. "రాదంటి కదన్నా, మళ్లా అదే పని చేస్తాండావే!" అని నవ్వినాడు. నేర్చుకుందాం, పొట్లం ఎక్కడికీ పోదు, అన్నాను. "ఇది ఆడ ఎన్నాళ్లుంటాది?" అని అడిగినాడు. మనం పోయినాక కూడా ఉంటుందని చెప్పినాను. "అట్లయితే వంకర టింకరగా ఉంటే బాగుండదు" అని మొదలుపెట్టినాడు. నా షాపు ముందర ఇసుకలో, పాత మోటారు మూతల మీద సుద్దముక్కతో, కట్ట మీద పుల్లతో. ఇప్పుడు మేకలు మళ్లా నా షాపు ముందు నుంచే పోతున్నాయి. చీటీ మీద ఉన్నది అతని చేతిరాతే. నేను వేలు కూడా తాకించలేదు.

నిన్న ఆదివారం వచ్చినాడు. తలుపు పక్కన, అదే చోట. పుస్తకం తీసుకోలేదు, చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. వంతు అతని దగ్గరికి వచ్చేసరికి అందరూ నా వైపు చూసినారు. వాకిట్లో చెప్పిన మాట షెడ్డులోనూ చెప్పినాను, చిన్నగానే. తర్వాత నా పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, "ఈ పొద్దు నేనూ చూడకుండానే చెబుతాను" అని మొదలుపెట్టినాను. ముప్ఫై ఏండ్లుగా నోట నానుతున్న కీర్తన. సగంలో మాట తప్పింది పాపా. ఎంత వెతుక్కున్నా రాలేదు. తలుపు పక్క నుంచి, గుట్ట మీద మేకల్ని పిలిచే గొంతుతో, తరువాతి మాట వచ్చింది. అది అందుకొని పూర్తి చేసినాను.

ఎస్తేరు కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. పోనీలే.

నీ సంగతి అడగకుండానే తేల్చేసినాను. బాధేసిందని రాసినావు. నాకూ బాధగా ఉంది. దారి బాగుచేసినారా? ఈసారి నిజంగానే అడుగుతున్నాను.

మామ

*

షిల్లాంగ్,
12 డిసెంబరు 2024.

మామకు ప్రేమతో,

దారి బాగైంది. కిందికి దిగాను. ఇక్కడ క్రిస్మస్ పాటలు మొదలైపోయాయి. వాళ్ల భాషలో ఒక్క ముక్క అర్థం కాదు. పక్కన నిలబడి పెదాలు కదుపుతున్నాను. ఎవరూ పట్టుకోలేదు.

పొట్లం చెక్కుచెదరకుండా వచ్చింది. వెనక రెక్క మొదట్లో వెంట్రుకంత కొక్కెం ఉంది, ముందు రెక్కను పట్టి ఉంచేది, చిమ్మటలకే ఉండేది. పొట్ట లోపలి భాగాలు మా ప్రజాతివాటికి అచ్చంగా సరిపోయాయి. మా పెద్దాయన తనే మైక్రోస్కోపు ముందు కూర్చుని, టీ చల్లారిపోయేదాకా చూశారు. తర్వాత లేచి, "మార్చెయ్యి" అన్నారు. అంతే. పండితులు రెక్కలు చూసి పంపేసిన పురుగు, ఇన్నేళ్ల తర్వాత ఇంటికి వచ్చింది. వ్యాసం నిన్ననే అచ్చుకు పంపాను.

మా దగ్గర చీటీలు ఇంగ్లీషులో అచ్చువేసి పెట్టాలి. పెట్టాను. కానీ దాని కింద, అదే పిన్నుకు, ముత్యాలప్ప తాత రాసింది కూడా గుచ్చాను. పెద్దాయన అది ఏ లిపి అని అడిగారు. "మా లిపే. రాసినాయనకు కొత్త" అన్నాను. తీయమనలేదు.

ఇంకో చిన్న కాగితం ఇందులో పెడుతున్నాను. నువ్వు చదివి వినిపించొద్దు మామా. ఆయన చేతికే ఇవ్వు, ఎంతసేపు పట్టినా పక్కన ఊరికే కూర్చో. నా అక్షరాలు వీలైనంత పెద్దవిగా రాశాను. ఆయన పేరులో తప్ప ఎక్కడా ఒత్తులు లేకుండా చూశాను.

నీ మేనకోడలు,
సుష్మ

*

ముత్యాలప్ప తాతా,

అది మన ఇంటిదే.